సగటు లెక్కల చాటున చావులు

(ప్రజారోగ్యం, అసమానతల గురించి విజయవాడలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెజవాడలో మాట్లాడడానికి పోతున్నామని చెప్తే మా దోస్తులు కొందరు నవ్వారు. "అన్నేండ్లు వాళ్లతోటి కొట్లాడి ఇప్పుడు వాళ్ల ఊరికే పోయి ఉపన్యాసం చెప్తరా?" అన్నారు. మేము కొట్లాడింది బెజవాడ హమాలీతోనో, దివిసీమ కూలీతోనో కాదని ఆనాడు లాఠీలు తింటూ కూడా చెప్పాం. మేము అడిగింది లెక్క. నీళ్ల లెక్క, నిధుల లెక్క, నియామకాల లెక్క. ఈ మూడింటి పక్కన నాలుగో లెక్క ఒకటి ఉండింది. ఎవరు ఏ రోగంతో, ఏ వయసులో, ఎంత అప్పుతో పోతున్నారన్న లెక్క. దాన్ని మేము గట్టిగా అడగలేదని ఈ సభలో ఒప్పుకోవడానికి మాకు సిగ్గేమీ లేదు. ఇవాళ అదే మాట్లాడుకుందాం.

కోదాడ, హుజూర్‌నగర్, మధిర, ఖమ్మం వాళ్లకు బెజవాడ అంటే ముందుగా గుర్తొచ్చేది కనకదుర్గ గుడి కాదు, దవాఖాన. మీరు ఆసుపత్రి అంటారు, మేము దవాఖాన అంటాం, బిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. మా దిక్కు మనిషికి పానం మీదికొస్తే "హైదరాబాద్ దూరమైతది, బెజవాడ తీసుకపోండి" అనడం మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. రాష్ట్రం వచ్చినా ఆ మాట పోలేదు. సరిహద్దు చెక్‌పోస్టు దాటి అంబులెన్సులు ఇంకా ఇటే వస్తున్నాయి.

2009లో మా పెదనాయినను అట్లాగే తీసుకొచ్చాం. మాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతున్నాం. ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. పేరు చెప్పం, చెప్పి లాభం లేదు, ఆ వీధిలో ఏ మెట్లు ఎక్కినా అదే కథ. అడ్వాన్సు కడితేగాని లోపలికి తీసుకోలేదు. ఆయన జబ్బు ఆరోగ్యశ్రీ జాబితాలో లేదన్నారు. తొమ్మిది రోజులు ఉన్నాం. మా పెద్దమ్మ మెడలోది మూడో రోజు పోయింది. ఎకరంన్నర తరి పొలం ఆరో రోజు బేరమైంది. కొన్నాయన మా ఊరాయనే, ఆసుపత్రి మెట్ల మీదనే కాగితం రాసుకున్నాడు. పెదనాయిన దక్కలేదు. పొలం కూడా దక్కలేదు. ఆ ఏడాది డిసెంబరు నుంచి మేము రోడ్డు మీదనే ఉన్నాం. ఉద్యమంలోకి ఎందుకొచ్చావని ఎవరన్నా అడిగితే వేరే కారణాలు చెప్పేవాళ్లం. ఇది చెప్పేవాళ్లం కాదు.

ఇప్పుడు దేశం లెక్కలు చూద్దాం. అంకెలు చెప్తుంటే నిద్రొస్తుందని తెలుసు. కాని మనల్ని మోసం చేసేది అంకెలతోనే కనుక కొంచెం ఓపిక పట్టండి.

పాలకులు చెప్పే సగటులో అబద్ధం లేదు. దేశంలో ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు 2020 నాటి నమూనా నమోదు లెక్కల్లో వెయ్యికి 28. మా తెలంగాణలో 21, మీ ఆంధ్రప్రదేశ్‌లో 24. ఒకప్పటితో పోలిస్తే ఎంతో నయం. అయితే అదే ఏడు కేరళలో 6, మధ్యప్రదేశ్‌లో 43. ప్రసవంలో తల్లుల మరణాలు 2018-20లో లక్షకు దేశం సగటు 97. కేరళలో 19, అస్సాంలో 195. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, పదింతల తేడా. మన రెండు రాష్ట్రాల అంకెలు చూడండి, తెలంగాణ 43, ఆంధ్ర 45. ఇన్నేండ్లు ఒకరినొకరం తిట్టుకున్నాం, చివరికి తల్లుల చావుల్లో మన మధ్య తేడా రెండు!

ఆ 28కి లోపల, ఆ 97కి లోపల ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు వెయ్యికి 41.9. గిరిజన పిల్లల్లో 50.3. తండాలో పుట్టడం ఒక జబ్బు అనుకోవాలా? ఆ సర్వేలోనే మన దేశపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం చాలదని తేలింది. అంతకు ముందటి సర్వేలో అది 53. రాకెట్లు పైకి పోతున్నాయి, ఆడవాళ్ల రక్తం కిందికి పోతోంది.

జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గిందని ఢిల్లీ చెప్తోంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో మొత్తం వైద్య ఖర్చులో జనం సొంతంగా పెట్టింది 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గితే సంతోషమే. ఆ కాలంలోనే ప్రభుత్వాలు పెట్టిన ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో 1.15 శాతం నుంచి 1.84 శాతానికి పెరిగింది. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025కల్లా 2.5 శాతం చేస్తామని రాసుకున్నారు. రాసుకున్నదానికీ పెట్టినదానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే మా పెదనాయిన ఎకరంన్నర పొలం ఉంది, మీ ఇళ్లల్లోని తాకట్టు చీటీలు ఉన్నాయి.

నది పక్కనే పారింది

మేము ఉద్యమంలో ఎక్కువసార్లు చెప్పిన మాట నల్లగొండ ఫ్లోరైడ్. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ నేల మీద నుంచే పోయింది. ఆ నేల మీద జనం మాత్రం బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయారు, పళ్లు గారపట్టాయి, పిల్లల కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. నది పక్కనే పారుతుంటే తాగడానికి విషం మిగిలిందని మేము ప్రతి సభలో అన్నాం. నీళ్లన్నీ కిందికి పోతున్నాయి, కింద వాళ్లు హాయిగా ఉన్నారని కూడా అన్నాం.

ఆ కాలువ వెంట కిందిదాకా ఎప్పుడూ నడవలేదు. రాష్ట్రం వచ్చాక, పత్రిక పని మీద, ఒకసారి నడిచాం. లాల్ బహదూర్ కాలువ అని పేరున్న ఆ ఎడమ కాలువ నల్లగొండ దాటి, ఖమ్మం దాటి, పాత కృష్ణా జిల్లా మెట్టకు వస్తుంది. నూజివీడు, తిరువూరు, మైలవరం వైపు మూడో జోన్ అంటారు. కాలువ ఉంటుంది, నీళ్లు ఉండవు. మా తలాపున పారి ఎవరికి పోతున్నాయని మేము అడిగిన నీళ్లు ఇక్కడి చివరి భూములకూ సరిగా చేరలేదు. ఎవరి పేరు చెప్పి మమ్మల్ని ఎండబెట్టారో వాళ్లూ ఎండే ఉన్నారు.

ఆ మెట్టలోనే ఏ.కొండూరు మండలం ఉంది. 2022 నుంచి అది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, అంతకుముందు కృష్ణా జిల్లా. కృష్ణా జిల్లా అనగానే దేశంలో ఎవరికైనా పచ్చని వరి చేలు, సినిమా వాళ్లు, అమెరికా పిల్లలు గుర్తొస్తారు. ఏ.కొండూరు మండలంలో లంబాడీ తండాలు ఉన్నాయి. ఆ తండాల్లో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. నలభై దాటని వాళ్లు, ఇంటికి సంపాదించే మగవాళ్లు. బోరు నీళ్లు అనుమానం, నీళ్లలో సిలికా, ఫ్లోరైడ్ అనుమానం, ఎండలో కష్టం చేసి వాడే నొప్పుల గోళీలు అనుమానం, సారా అనుమానం. శాస్త్రజ్ఞులు ఒక్క కారణం దగ్గర ఆగలేదు. శ్రీకాకుళం ఉద్దానంలో కూడా అంతే, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బుతో జనం పోతూ దశాబ్దాలు గడిచాయి, కారణం ఇంకా తేలలేదు. అయితే ఉద్దానానికి కనీసం గొంతు దొరికింది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారు, 700 కోట్లతో తాగునీటి పథకం కట్టారు. ఏ.కొండూరు తండాల మాట పేపర్లో జిల్లా పేజీ దాటడానికే ఏళ్లు పట్టింది. ఉపరితల నీళ్లు, కృష్ణా నీళ్లు తెచ్చి పోస్తామని ప్రభుత్వాలు కదిలింది ఎంతోమంది పోయాకనే.

డయాలిసిస్ అంటే ఏమిటో ఈ హాల్లో తెలియని వాళ్లుండొచ్చు. వారానికి రెండు సార్లో మూడు సార్లో, ప్రతిసారీ నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. ప్రభుత్వం మిషను ఉచితం అంటుంది, మంచిదే. తండా నుంచి మిషను దాకా ఆటో ఉచితం కాదు. తోడు వచ్చిన భార్యకు ఆ రోజు కూలీ పోతుంది. అంటే రోగి ఒకరైతే పని పోయేది ఇద్దరికి. ఈ లెక్క ఏ ఆరోగ్య ఖాతాలోనూ ఉండదు.

మేము పోయిన ఒక ఇంట్లో వాకిట్లో నీళ్ల క్యాన్లు వరుసగా పెట్టి ఉన్నాయి. కొనుక్కున్న నీళ్లు. "రోగం వచ్చినోళ్లకే ఈ నీళ్లు, మాకు బోరు నీళ్లే" అన్నది ఆ ఇల్లాలు. అందరికీ కొనాలంటే చాలదు. రోగం వచ్చినాక మంచినీళ్లు, రాకముందు బోరు నీళ్లు! ఈ దేశపు ఆరోగ్య విధానం మొత్తాన్ని ఆమె ఒక్క మాటలో చెప్పింది.

డెల్టా లోపలి డెల్టా

మెట్ట సంగతి సరే, డెల్టా అయినా బాగుందా అంటే, చూద్దాం.

1833లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చి జనం పిట్టల్లా రాలారు. ఆ తర్వాత 1852లో మొదలై 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ప్రజల డబ్బుతో కట్టిన కాలువలు వరి పండించాయి. వరి మిగులు సినిమాకు పోయింది, చదువుకు పోయింది, ఆసుపత్రులకు పోయింది. సూర్యారావుపేట, గవర్నర్‌పేట బోర్డుల వెనక ఉన్నది ఆ కాలువ నీళ్లే. ఈ మాట నిందించడానికి అనడం లేదు. ప్రజాధనం వల్ల పుట్టిన సంపద ప్రజల వైద్యంలోకి తిరిగి రాలేదంటున్నాం. ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల గొడవలో 1992లో హైకోర్టు తీర్పు వచ్చాక ఒక ముఖ్యమంత్రి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, కుర్చీ దిగవలసి వచ్చిందని ఈ తరం విద్యార్థులకు చెప్పాలి. ఇప్పుడైతే అటువంటి అనుమతులకు ఎవరూ దిగరు, రిబ్బన్ కత్తిరించడానికి ఇంకా పైకెక్కుతారు.

ఈ ఊళ్లోనే 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. ఆ రెండుసార్లూ ఎంత గోల జరిగిందో మీకు తెలుసు. ఏ.కొండూరు మీద దాంట్లో పదోవంతు గోల జరిగినా బాగుండేది.

బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ ఈ నగరం మధ్య నుంచే పోతాయి. నగరం తన మురుగు వాటిల్లో కలుపుతుంది. కింద ఊళ్లవాళ్లు ఎండాకాలానికి ఆ కాలువ నీళ్లనే ఊర చెరువుల్లో నింపుకుంటారు. పై ఊరి మురుగు కింది ఊరి మంచినీళ్లు. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను దాకా పోతే సముద్రం ఉప్పు కూడా తోడవుతుంది. డెల్టాలో తలాపున ఉన్నవాడు, చివర ఉన్నవాడు అని రెండు కులాలు. ఏలూరు సంగతి గుర్తుందా? 2020 డిసెంబరు మొదటివారంలో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది, పురుగుమందుల మీద కూడా అనుమానం పడింది. టీవీలు వారం రోజులు అక్కడే కూర్చున్నాయి, తర్వాత లేచిపోయాయి.

బోదకాలు కూడా డెల్టా జబ్బే. ఆగిన మురుగులో పుట్టే దోమ తెస్తుంది. ఆ బోదకాలుకు ప్రపంచమంతా వాడే డైఇథైల్ కార్బమజైన్ మందును అమెరికాలో తయారు చేసిన బృందాన్ని నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. డెల్టా బిడ్డ ప్రపంచానికి మందు ఇచ్చాడు. డెల్టా పాలకులు మురుగు కాలువ తవ్వలేకపోయారు. మందు ఇంటింటికీ పంచడం సులువు, ఫోటో కూడా వస్తుంది. మురుగు కాలువకు ఫోటో బాగుండదు.

నగరం లోపలికి రండి. కొండవాలు ఇళ్లు మీకు మాకన్నా బాగా తెలుసు. గుణదల, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద బిందె మోసే ఆడమనిషి మోకాళ్లను ఏ సర్వే లెక్కపెట్టింది? 2024 మే నెలాఖరులో మొగల్రాజపురంలో అతిసారం ప్రబలింది. మళ్లీ 2025 సెప్టెంబరులో న్యూ రాజరాజేశ్వరిపేటలో. అతిసారం! సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రులకు పేరుపడ్డ నగరంలో, గుండె తెరిచి మూసే నగరంలో, నీళ్ల విరేచనాలు. ఆ మధ్యలో, 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద. బుడమేరు పల్లంలో ఇళ్లు కట్టుకున్నది ఎవరు? బెంజ్ సర్కిల్లో అద్దె కట్టలేనివాళ్లు. రోగం కూడా పల్లానికే పారుతుంది.

మా ఇంటి సంగతి

మీ ఊరికి వచ్చి మిమ్మల్నే అంటే మర్యాద కాదు. మా ఇంటి సంగతి చెప్తాం.

తెలంగాణ వచ్చాక కొన్ని మంచి పనులు జరిగాయి. వరంగల్లులో కాళోజీ పేరుతో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. జిల్లా జిల్లాకూ సర్కారు మెడికల్ కాలేజీ అన్నారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు నల్లగొండ ఊళ్లకు చేరాయి. కొత్తగా పుట్టే పిల్లల ఎముకలు వంగకపోతే అంతకన్నా ఏం కావాలి? మేము పడ్డ లాఠీదెబ్బలకు అది చాలు అనిపించిన రోజులున్నాయి.

కాని 2019-21 సర్వే చూడండి. కోత కాన్పులు దేశంలో నూటికి 21.5. ఆంధ్రలో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోనే మొదటి స్థానం. ప్రైవేటు దవాఖానల్లో అయితే నూటికి 81.5. సర్కారు దవాఖానల్లో కూడా 44.5. పది పదిహేను శాతం దాటనక్కర లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మా ఆడబిడ్డల నడుములు దేశంలో అందరికన్నా బలహీనమా? ముహూర్తం చూసుకొని కోసేవాళ్లు ఉన్నారు, కోయమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో కార్పొరేట్లను తిట్టి ఊరుకుంటే కుదరదు, పంతులును, అత్తమామలను కూడా తిట్టాలి.

ఇంకొకటి చెప్పడానికి మనసొప్పదు. గర్భసంచి తీసేసిన ఆడవాళ్లు, 15 నుంచి 49 ఏళ్ల వయసు వాళ్లలో, 2015-16 సర్వే ప్రకారం దేశంలో నూటికి 3.2. తెలంగాణలో 7.7. ఆంధ్రలో 8.9. మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్లవే. కడుపునొప్పి అని పోతే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి తీసేసిన కథలు మేము మా దిక్కూ విన్నాం, ఇక్కడి కూలీ వాడల్లోనూ విన్నాం. వంగి నాట్లు వేసే మనిషికి ముప్పయ్యయిదేళ్లకే గర్భసంచి లేకపోతే ఆ తర్వాత ఎముకలు ఏమవుతాయో ఎవరు చెప్తారు? రాష్ట్రాలు రెండయ్యాయి గాని ఆడవాళ్ల కడుపు మీద కత్తికి సరిహద్దు లేదు.

ఆరోగ్యశ్రీ గురించి అడుగుతారని తెలుసు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ప్రాణాలు నిలబెట్టింది, కాదనం. 2005లో వచ్చిన 108 బండి కూడా అంతే. కాని జబ్బు ముదిరి ఆపరేషన్ దాకా వస్తేనే కార్డు పనికొస్తుంది. బీపీ గోళీకి, షుగర్ పరీక్షకు, తండాకు పైపు లైనుకు అది పనికిరాదు. బీపీ గోళీ అందక కిడ్నీ పోతే అప్పుడు కార్డు పనికొస్తుంది, ఆ డబ్బు ప్రైవేటు ఆసుపత్రికి పోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు పోస్టు ఖాళీ, కార్పొరేట్ ఆసుపత్రికి ప్రభుత్వ బకాయి. ఏ పార్టీ వచ్చినా ఏటా పేపర్లో వచ్చేవి ఈ రెండు వార్తలే. ఇక్కడ కూర్చున్న ఉద్యోగ మిత్రులకు హెల్త్ కార్డుతో పోతే ఆసుపత్రి కౌంటరు దగ్గర ఎట్లాంటి మర్యాద దొరుకుతుందో మేము చెప్పనక్కర లేదు. హెల్త్ కార్డు కోసం సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయి! ఆ ధర్నాల్లో ఒక్కటి ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కోసం చేసి ఉంటే ఆ డాక్టరు మీ అమ్మానాన్నలకు కూడా పనికొచ్చేవాడు.

విద్యార్థి మిత్రులను ఒక పని అడుగుతున్నాం. జిల్లా సగటు ఎవరో కట్టి ఇస్తున్నారు, దాన్ని మనం నమ్ముతున్నాం. ఉద్యమంలో మేము ఊరూరా తిరిగి ఏ శాఖలో ఎవరి ఉద్యోగాలు ఎన్ని అని నోటుబుక్కుల్లో రాసుకున్నాం. ఆ నోటుబుక్కుల ముందు ప్రభుత్వ నివేదికలు నిలవలేదు. అట్లాగే ఒక్కో ఊరు పట్టండి. గడిచిన అయిదేళ్లలో ఎవరు పోయారు, ఏ వయసులో, ఏ నీళ్లు తాగారు, ఏ ఆసుపత్రికి పోయారు, ఏం అమ్మారు. ఇంతే ప్రశ్నలు. మేము కోదాడ వైపు రాస్తాం, మీరు తిరువూరు వైపు, దివిసీమ వైపు రాయండి. రెండు నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం.

రేపు పొద్దున్నే మేము మైలవరం మీదుగా ఏ.కొండూరు తండాలకు పోతున్నాం. రాగలిగినవాళ్లు ఆరున్నరకల్లా నెహ్రూ బస్టాండులో తిరువూరు బస్సు ఆగే చోటికి రండి. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి. తాగడానికి నీళ్లు కూడా మీరే తెచ్చుకోండి, అక్కడి క్యాన్లలోవి రోగులకు ఉండనివ్వాలి.